తువ్వాలు కింద ధర

చిత్తూరు బెల్లం మండీ. మధ్యాన్నం మూడు.
వేలం ముగిసింది.
ఈగలు మాత్రం ఇంకా పాడతానే ఉండాయి.

ఇందుజ వచ్చింది, చెంగల్రాయుడి కూతురు.
బెంగుళూరి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకోని తెచ్చిన
రెండు సీసాలు, తడిగుడ్డ చుట్టినవి.
"గుమ్మడికాయ బీరు మామా. నల్లది. నేనే కాసినా.
నీ నాలుక ఒప్పుకున్నాకనే అమ్మకానికి పెడతా."

చెక్‌పోస్టు కాడ సంచిలో ఏందమ్మా అంటే
గుమ్మడికాయ అన్నిందంట.
అబద్ధం కాదు.
భుజాలు మాత్రం తడుముకోలేదంట.

నలభై ఏండ్లు ఈ నాలుక మీదనే బతికినోణ్ణి.
గోరంత గిల్లి నోట్లో వేసుకుంటే చెప్తా:
ఏ వూరి చెరుకు, ఎంత సున్నం పడింది,
పెనం దించే వేళకి కాసేవోడు
కునుకు తీసినాడా లేదా.
బీరుకు మాత్రం కొత్త నోరు నాది.

స్టీలు గ్లాసు వద్దన్నా, రంగు తెలీదు.
కాదర్ టీ కొట్లో గాజు గ్లాసు తెప్పించినా.
పోస్తే
చెరుకు పాలు మొదటి పొంగుకొచ్చినట్ట నురుగు,
లేత గోధుమ రంగు, తొందరలేనిది.
ఎండకెత్తి చూస్తే అంచున మాత్రం ఎరుపు,
కడమంతా అమాస.

వాసన: మాడిన పెనం.
దాని వెనక కాఫీగింజ. దాని వెనక లవంగం,
పిలవని పెండ్లికి ముందు వరసలో కూర్చున్నోడి మాదిరి.
"గుమ్మడి యాడ్రా?" అన్నా.
"రొంత ఆగు మామా, సల్లదనం పోనీ."

తొలి గుక్క చేదు.
అయితే వేపాకు చేదు కాదు,
పొద్దున్నే నిజం చెప్పేవోళ్ళ మాటలో ఉండే చేదు.
రెండో గుక్క నాలుక్కి అడ్డంగా పడుకునింది.
మూడోదానికి వచ్చింది గుమ్మడి,
కత్తి దిగినప్పుడు గింజల్లో పీచుల్లో
ఉంటుందే ఒక పచ్చివాసన, అది;
తరవాత గానుగ పొయ్యి బూడిదలో
ముక్కలు కాల్చుకోని తిన్న రాత్రి,
వేళ్ళు కాలినా వదలని తీపి.

"బెల్లం యాడిది?"
"మన మండీదే మామా.
నువ్వు మూడో రకమని పక్కకు నెడతావే
ఆ నల్లది. మా నాయన్నడిగి తీసుకున్నా."

గ్లాసు కింద పెట్టినా.

ఆ నల్లబెల్లం మాపటేళ లారీ ఎక్కేది.
యాడికి పోతాదో నాకు తెలుసు.
కొండ మలుపుల్లో బట్టీలు, డ్రమ్ములు, ప్లాస్టిక్ పాకెట్లు.
పుస్తకంలో మాత్రం "పశువుల దాణా" అని రాసేవోణ్ణి,
గుండ్రంగా, తప్పుల్లేకుండా.
కాటా వేసే గోవిందసామికి
ఒక ఆదివారం ఆ దాణా తాగినాకనే చూపు పోయింది.
ఇప్పుడూ ఆ మూలనే కూర్చోనుండాడు,
మూటల్ని తడిమి బరువు చెప్తాడు,
కాటా కంటే సరిగ్గా.

"ఏందిరా అది, పాకం మాడిందా?" అన్నాడు
గాలి పీల్చి.
నేను పలకలే.
గుమ్మడికాయ పేరు ఎవురూ ఎత్తలేదు
నా చెయ్యి మాత్రం నా భుజం మీదికి పోయింది.

ఇందుజ కాయితం పట్టుకోని కూర్చోనుంది
నేను చెప్పేది రాసుకోడానికి.
"లవంగం సగానికి తగ్గించు.
గుమ్మడిని ఇంకొంచెం కాల్చు, తొక్కతోనే.
చేదు జోలికి పోవద్దు.
సీసా మీద బెల్లం పేరు రాయి,
యాడిదో, ఏ రకమో, పెద్దక్షరాల్లో."
"అది దేనికి మామా?"
"రాయమన్నా కదా."

"మరి ధర?"
ధర నోటితో చెప్పే అలవాటు మాకు లేదు.
తువ్వాలు పరిచి దాని కిందికి చెయ్యి రమ్మన్నా.
తెలీని పిల్ల, షేక్‌హ్యాండు మాదిరి పట్టుకునింది.
నాలుగు వేళ్ళు నొక్కినా. ఆగినా.
బొటనవేలు కూడా నొక్కినా.
"ఎంత మామా, ఎంత?"

రెండో సీసా మూత తియ్యలే.
గోవిందసామి చెయ్యి చాపినాడు,
దాన్ని తూకం వేసినట్ట పట్టుకోని
"ముక్కాలు కేజీ పైన," అన్నాడు,
"చల్లగా ఉందే."